తొలి దెబ్బకు తగిన కర్ర బరువు

ఆట ఏదైనను అందు తొలి దెబ్బకు ఒక ప్రత్యేకత కలదు. విజయనగరము వీధులలో గాని, శ్రీకాకుళము పొలిమేర తోటలలో గాని బిళ్ళంగోడు ఆడు పిల్లలను గమనించిన వారికి ఈ సంగతి తెలియును. చేతికి దొరకిన ప్రతి కర్రను వారు స్వీకరింపరు. ఒకటి తీసి గాలిలో త్రిప్పి చూతురు. మిక్కిలి బరువైనచో చేయి ఆలస్యమగును. మిక్కిలి తేలికయైనచో బిళ్ళ దూరము పోదు. ఈ రెంటికి నడుమ తమ చేతికి ఒదిగిన కర్రను ఎన్నుకొందురు. ఆ ఎన్నికకు వారు ఏ గ్రంథమును చదివి యుండలేదు. కాని ఆ పిల్లలు గాలిలో కర్ర త్రిప్పి తేల్చుకొను ప్రశ్నయే, పచ్చని బనాతు పరచిన బల్లచుట్టు రెండు శతాబ్దములుగా పెద్దల బుద్ధికి పని కల్పించుచున్నది.

పూల్ అను బల్లయాట ఇటీవలి దశాబ్దములలో మన పట్టణములకును వచ్చినది. పదునైదు బంతులను ముక్కోణముగా పేర్చి, తెల్లబంతిని క్యూ కర్రతో బలముగా కొట్టి ఆ కూటమిని చెదరగొట్టుటతో ఆట ఆరంభమగును. దీనినే బ్రేక్ అందురు. ఈ తొలి దెబ్బకు ఎంత బరువు గల కర్ర కావలెను? బరువు హెచ్చిన కొలది దెబ్బ గట్టిదగునని పలువురి నమ్మకము. ఆ నమ్మకముతోనే క్రొత్తగా నేర్చు యువకులు బరువైన కర్రకు సొమ్ము వెచ్చింతురు. భుజము నొచ్చువరకు దానిని విసరుదురు. బంతులు చెదరనప్పుడు తమ బలమే చాలలేదని నిరుత్సాహపడుదురు. ఈ నమ్మకమున నిజమెంత యున్నదో కర్ర యొక్క చరిత్రయే మనకు చెప్పగలదు.

బిలియర్డ్సు ఆట మొదట ఇంటిలో పుట్టినది కాదు. ఐరోపాలో పచ్చిక మైదానములపై బంతులను కొయ్య సుత్తులతో నెట్టు ఆట యుండెను. వానకు, చలికి ఓర్వలేని ప్రభువులు దానిని భవనముల లోనికి తెచ్చుకొనిరి. 15వ శతాబ్దమున ఫ్రాన్సు నేలిన 11వ లూయీ రాజునకు ఇట్టి బల్ల యుండెను. బల్లపై నేటికిని పరచు ఆకుపచ్చని బట్ట ఆనాటి పచ్చికకు జ్ఞాపకచిహ్నము.

ఆ కాలపు పనిముట్టు నేటి కర్ర వంటిది కాదు. దాని పేరు మేస్. సన్నని పిడికి కొనయందు బరువైన తల యుండెడిది. ఆ తలను బంతి వెనుక నానించి ముందునకు త్రోసెడివారు. అనగా తొలినాటి క్రీడాకారులు బంతిని కొట్టుట కన్న నెట్టుటయే హెచ్చు. బరువంతయు తలలో నుండుటచే పని సులువైనట్లు తోచెడిది. కాని బంతి బల్ల అంచునకు చేరువైనప్పుడు ఆ పెద్ద తల అడ్డుపడెడిది. అప్పుడు ఆటగాడు పనిముట్టును తలక్రిందులు చేసి, పిడి చివరి సన్నని కొనతో బంతిని పొడిచెడివాడు. ఆ కొనను ఫ్రెంచివారు తోక అను అర్థమున 'క్యూ' అనిరి. కాలక్రమమున తల పోయినది, తోక నిలచినది. బరువైన భాగమును విడిచి తేలికయైన భాగమును లోకము స్వీకరించుట ఈ పనిముట్టు చరిత్రలో మొదటి పాఠము.

19వ శతాబ్దపు ఆరంభమున రెండవ మార్పు వచ్చినది. కట్టె కొన నున్నగా నుండి బంతిపై జారిపోవుచుండెను. ఫ్రెంచి సైన్యమున కాప్టెనుగా నుండిన ఫ్రాన్స్వా మింగో కారాగారమున నున్న కాలమున కర్ర కొనకు తోలుబిళ్ళ నతికించు విధానమును సాధించెననియు, 1807 నాటికి అది పరిపూర్ణమయ్యెననియు చెప్పుదురు. తోలు బంతిని పట్టుకొనును. అంతవరకు బంతిని నడిమి భాగముననే కొట్టవలసిన వారు అటుపై క్రిందుగా, పైగా, ప్రక్కగా కొట్టి దానిని వెనుకకు మరలింపను, వంకరగా నడపను నేర్చుకొనిరి. తోలుకు సుద్దపొడి రాయుట కూడ ఆ తరములోనే ప్రచారమునకు వచ్చినది. ఇంగ్లండున థర్‌స్టన్ అను బల్లల నిర్మాత 1826లో కొయ్యపలకకు బదులు పలకరాతిని వాడెను; 1835లో అంచులకు రబ్బరు అమర్చెను. బల్ల సమతలమైనది, అంచు చురుకైనది. మునుపు బలము చేయవలసిన పనిని ఇప్పుడు నైపుణ్యము చేయసాగెను.

ఇక బంతి సంగతి. శతాబ్దముల తరబడి మేలైన బంతులు ఏనుగు దంతముతోనే తయారగుచుండెను. దంతమన్నచో మన ఉత్తరాంధ్రమునకు క్రొత్త వస్తువు కాదు. 18వ శతాబ్దమున విశాఖపట్టణపు పనివారు కొయ్య సామానుపై దంతపు పలకలను పొదిగి, వానిపై లతలను, పువ్వులను చెక్కి, ఆ గీతలలో నల్లని లక్కను నింపిరి. ఆ కుర్చీలు, పెట్టెలు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియము వంటి చోట్ల నేటికిని కలవు. ఆ పనివారికి తెలిసిన రహస్యమొకటి బంతులు చేయువారికిని తెలియును. దంతము సజీవపదార్థమునుండి వచ్చినది. దానికి పొర గలదు, నడుమ నరము వంటి రంధ్రము గలదు. తేమకు ఉబ్బును, ఎండకు కుంచించును, ఒకనాటికి పగులును. ఒక్క దంతమునుండి నాణ్యమైన బంతులు పట్టుమని పది యైనను వచ్చుట అరుదు. అట్టి బంతిని కండబలముతో బాదుటకు ఎవరికి మనసొప్పును? దంతపు బంతుల కాలమున మెత్తని, లెక్కగల దెబ్బకే గౌరవము. విలువైన బంతి ఆటగాని చేతిని అదుపులో నుంచెను.

ఏనుగులు తరుగుచుండుట ఆ వ్యాపారులకును భయము పుట్టించెను. 1863లో న్యూయార్కు నగరపు బల్లల వ్యాపారులు దంతమునకు ప్రత్యామ్నాయము కనుగొన్న వారికి పదివేల డాలర్ల బహుమానము ప్రకటించిరి. జాన్ వెస్లీ హయట్ అను అచ్చుపనివాడు ఆ ప్రయత్నమున దిగి, 1870 నాటికి సెల్యులాయిడ్ అను పదార్థమును సిద్ధము చేసెను. పిదప ఫోటో ఫిలిములకు, దువ్వెనలకు, బొమ్మలకు ఉపయోగపడిన ఆ పదార్థమునకు బంతియే మూలము. తొలినాటి ఆ బంతులు అగ్నికి సులభముగ లోబడునవి. అవి గట్టిగా తాకినప్పుడు అప్పుడప్పుడు తుపాకి మందు వలె చిన్న చప్పుడగుచుండెననియు, దానిని విని తన సారాయి దుకాణమున నున్న ప్రతివాడు పిస్తోలు తీయుచున్నాడని కొలరాడోనుండి ఒక యజమాని తనకు వ్రాసెననియు హయట్ వృద్ధాప్యమున ముచ్చటించెను. తరువాత లియో బేక్లండ్ 1907లో కనుగొనిన బేకలైట్, దాని సంతతికి చెందిన ఫినాలిక్ రెసినులు ఆ స్థానమును ఆక్రమించినవి. దంతపు అంతర్జాతీయ వర్తకమును 1989లో దేశములు నిషేధించుటకు చాల ముందే బల్లయాట ఏనుగును విడిచిపెట్టినది. గట్టివి, గుండ్రనివి, ఒకే తూకము గలవి, పగులుటకు వెరవనివి యైన బంతులు వచ్చిన పిమ్మటనే బలమైన తొలి దెబ్బకు అవకాశము కలిగెను.

ఈ చరిత్రలో భారతదేశపు పాత్ర చిన్నది కాదు. 1875లో జబల్పూరులోని సైనికుల భోజనశాలలో నెవిల్ ఛాంబర్లేన్ అను యువ అధికారి, వర్షకాలపు తీరిక వేళలలో, అప్పటి ఆటలకు మరి కొన్ని రంగుబంతులను చేర్చి ఆడించెను. దానికి స్నూకర్ అను పేరు పెట్టెను. సైనిక విద్యాలయమున క్రొత్తగా చేరిన విద్యార్థిని ఎగతాళిగా అట్లు పిలుచుట వాడుక. 1882లో ఉదకమండలము క్లబ్బులో ఆ ఆటకు నియమములు వ్రాసి గోడకు తగిలించిరి. నేడు ప్రపంచమంతట ఆడు ఒక గొప్ప ఆట మన దేశమున, మన వానకాలమున పుట్టినది.

ఆ దశాబ్దమునందే, 1883లో, మన సముద్రతీరమున వాల్తేరు క్లబ్బు వెలసెను. దొరల కొరకు ఏర్పడిన ఆ కాలపు ఇట్టి క్లబ్బులలోను, సంస్థానాధీశుల భవనములలోను బిలియర్డ్సు గది యుండుట మర్యాదకు గురుతు. ఆ గదిలో ముగ్గురుందురు: ఆడువాడు, చూచువాడు, మార్కరు. లెక్క చెప్పుట, బల్ల తుడుచుట, కర్రలకు తోలు మార్చుట మార్కరు పని. గోడనున్న ఏ కర్ర ఏ బరువో, ఏది వంగినదో, ఏ దొరకు ఏది పొసగునో అతనికి తెలిసినట్లు మరి యొకరికి తెలియదు. అయినను ఆటచే జీవించువానికి అమెచ్యూరు పోటీలలో చోటుండెడిది కాదు. కర్రను ఎరిగిన చేయి ఒకటి, కర్రను పట్టు హక్కు గల చేయి మరొకటి. మన ఆటల చరిత్ర వ్రాయువారు ఈ పేరులేని మార్కర్లను తలపక పోరాదు.

ఆ గదుల తలుపులు క్రమముగా తెరచుకొన్నవి. పూనాలో పుట్టిన విల్సన్ జోన్సు 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూరు బిలియర్డ్సు విజేతయై, ఏ ఆటలోనైనను వ్యక్తిగతముగ ప్రపంచ విజేతయైన తొలి భారతీయుడను కీర్తి పొందెను. 1964లో న్యూజిలండున తిరిగి గెలిచెను. ఆయన పేరు కండబలమునకు ప్రసిద్ధి కాదు; గంటల తరబడి చెదరని ఓపికకు ప్రసిద్ధి.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. బిలియర్డ్సులో చెదరగొట్టవలసిన కూటమి లేదు. స్నూకరులో ఎర్రబంతుల ముక్కోణమున్నను, తొలి దెబ్బ కొట్టువాడు దానిని చెదరగొట్టడు. అంచునున్న ఎర్రబంతిని సున్నితముగ తాకి, తెల్లబంతిని తిరిగి తన వైపునకు రప్పించుకొనును. ఏలయనగా చెదరిన బంతులు ఎదుటివానికి విందు. కావున ఆ ఆటల కర్రలు 16 మొదలు 18 ఔన్సుల వరకు బరువుండి తేలికగనే నిలచినవి. పూల్ ఆటలో స్థితి వేరు. అందరు కలిసి పందెపు సొమ్మును ఒకచోట కూర్చుటనుండి ఆ పేరు వచ్చినది. 20వ శతాబ్దమున అమెరికాలో ప్రబలిన ఎనిమిది బంతుల, తొమ్మిది బంతుల ఆటలలో తొలి దెబ్బకే ఒక బంతియైన సంచిలో పడినచో కొట్టినవాడు ఆటను కొనసాగించును. బంతులు బాగుగా చెదరినచో అతడు ఎదుటివానికి అవకాశ మీయకయే ముగింపవచ్చును. తొలి దెబ్బకు ఇంత విలువ వచ్చుటచే, దానికి తగిన కర్ర ఏది యను ప్రశ్నయు వచ్చినది.

అంతర్జాతీయ నియమముల ప్రకారము పూల్ కర్ర బరువు 25 ఔన్సులకు మించరాదు. అది షుమారు 709 గ్రాములు. మన పెద్దల తూకములో అరవీశె. కనీసపు బరువునకు హద్దు లేదు. వాడుకలో నున్నవి హెచ్చుగ 18 మొదలు 21 ఔన్సులు. బంతి బరువు 5½ మొదలు 6 ఔన్సులు. అనగా కర్ర బంతికి షుమారు మూడు రెట్లు.

ఈ మూడు రెట్ల సంగతి మన ఇళ్ళలోనే పరీక్షింపదగినది. క్యారమ్ బల్ల లేని ఇల్లు మన ప్రాంతమున అరుదు. 1988లో మద్రాసులో ఏర్పడిన అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య ఆమోదించు స్ట్రయికరు బరువు 15 గ్రాములకు మించరాదు. బిళ్ళ బరువు 5 మొదలు 5½ గ్రాములు. అచటను నిష్పత్తి ఇంచుమించు మూడే. నడుమ పేర్చిన పందొమ్మిది బిళ్ళలను తొలి దెబ్బతో చెదరగొట్టుటయు అట్టిదే. వేరు వేరు దేశములలో, వేరు వేరు చేతులలో పెరిగిన రెండు ఆటలు ఒకే నిష్పత్తికి చేరుట యాదృచ్ఛికముగ తోచదు.

దాని కారణమును భౌతికశాస్త్రము తేటగా చెప్పును. ఒక వస్తువు నిశ్చలముగ నున్న మరొక వస్తువును తాకినదనుకొందము. తాకిడిలో శక్తి ఏమియు నశింపలేదనుకొందము. కొట్టునది, కొట్టబడునది సమానమైన బరువు గలవైనచో, రెండవది మొదటిదాని వేగముతోనే పోవును. కొట్టునది రెండు రెట్లు బరువైనచో రెండవది దాని వేగమునకు ఒకటింట మూడవ వంతు హెచ్చు వేగమున పోవును. మూడు రెట్లైనచో ఒకటిన్నర రెట్లు. నాలుగు రెట్లైనచో 1.6 రెట్లు. కొట్టునది కొండయైనను బంతి వేగము రెండు రెట్లకు మించదు. మొదటి మెట్లలో లాభము హెచ్చు. పైమెట్లలో లాభము కుంచించుకొని పోవును.

ఈ లెక్కను కర్రకు అన్వయింతము. బంతి 6 ఔన్సులు, కర్ర 18 ఔన్సులు: మూడు రెట్లు. కర్రను 24 ఔన్సులు చేసితిమనుకొందము: నాలుగు రెట్లు. బరువు మూడవ వంతు పెరిగినది. బంతి వేగము ఒకటిన్నరనుండి 1.6కు, అనగా పదునైదవ వంతు మాత్రము పెరిగినది. అదియును, బరువైన కర్రను తేలికయైన కర్ర వలెనే వేగముగ విసరగలిగినప్పుడు. ఆ బరువునకు చేయి పదునారవ వంతు నెమ్మదించినచో లాభమంతయు హరించును. అంతకు మించి నెమ్మదించినచో నష్టము. మరి అన్ని ఔన్సులు హెచ్చినప్పుడు చేయి నెమ్మదింపని వాడెవడు?

అట్లని కర్రను పుల్లవలె తేలిక చేయుటయు సరి కాదు. చేతికిని బరువు గలదు. కర్ర ఎంత తేలికయైనను ముంజేతిని కదల్చుటకు కండలు పడవలసిన శ్రమ యుండనే యున్నది. కావున 18 ఔన్సుల కర్రను 9 ఔన్సులు చేసినంత మాత్రమున చేతి వేగము రెట్టింపు కాదు. మిక్కిలి తేలికయైనచో కర్ర గురినుండి తొణకును. ఈ రెండు నష్టముల నడుమ వెడల్పైన ఒక మైదానము వంటి మేలైన స్థానము కలదు. అందులో 18కి, 19కి, 20కి నడుమ భేదము స్వల్పము. ఎన్నో యేండ్లు ఎందరో ఆటగాండ్రు ప్రయత్నించి చేరిన సంఖ్యలు ఆ మైదానముననే యుండుట మనము గమనింపవలెను. కొందరు ఆట కర్ర కన్న ఒకటి రెండు ఔన్సులు హెచ్చు బరువును, కొందరు అంతే తక్కువ బరువును తొలి దెబ్బకు వాడుదురు. ఇరు పక్షములలోను విజేతలున్నారు.

మింగో నాటి తోలుబిళ్ళ ఇచట తిరిగి ప్రసక్తమగుచున్నది. తాకిడిలో శక్తి నశింపదని అనుకొంటిమి గాని, నిజమున కొంత నశించును. తోలు మొన అణగి, తిరిగి లేచును. తాకిడికి ముందు కర్ర బంతిని సమీపించిన వేగములో షుమారు నూటికి 70 మొదలు 75 పాళ్ళ వేగముతో మాత్రమే బంతి ఆ మొననుండి విడిపోవును. గట్టి రెసిను మొన అమర్చినచో అది 80కి పైబడును. ఆ చిన్న బిళ్ళ మార్పు వలన బంతి వేగము షుమారు నూటికి 5 పాళ్ళు పెరుగును. బరువు ద్వారా అంత లాభము పొందవలెనన్న 18 ఔన్సుల కర్రకు మరి నాలుగు ఔన్సులు చేర్చవలెను, చేయి ఏమాత్రము నెమ్మదింపరాదు. తొలి దెబ్బకు ప్రత్యేకమైన కర్రను వేరుగ నుంచుకొను అలవాటు ప్రబలుటకు బరువు కన్న ఈ మొన గట్టిదనమే ముఖ్యకారణము. అంతియ కాక, బలమైన దెబ్బలకు ఆట కర్ర తోలు చెడిపోకుండ కాపాడుకొనుటయు ఒక ప్రయోజనము.

అన్నిటికన్న మిన్నయైనది గురి. తెల్లబంతి ముక్కోణపు శిరసున నున్న బంతిని నిండుగ, ఎదురెదురుగ తాకిననే దాని శక్తియంతయు కూటమికి చేరును. ఒక ప్రక్కకు తొలగినచో తెల్లబంతి తన శక్తిలో కొంత దాచుకొని దారి తప్పి పరుగెత్తును. ఒక్కొక్కప్పుడు తానే సంచిలో పడి ఎదుటివానికి అవకాశమిచ్చును. బరువైన కర్రతో నూటికి నాలుగైదు పాళ్ళు సంపాదించి, గురి తప్పి నూటికి ఇరువది పాళ్ళు పోగొట్టుకొనువాడు వ్యాపారి యైనచో ఆ అంగడి ఎన్నాళ్ళు నిలచును?

బలమునకు, బరువునకు గల సంబంధమును మన ఉత్తరాంధ్రము వారికి ఇతరులు నేర్పవలసిన పనిలేదు. వీరఘట్టమున జన్మించి, విజయనగరమున పెరిగి, అచట వ్యాయామోపాధ్యాయుడై, పిదప సర్కసు స్థాపించి దేశదేశములలో కలియుగ భీముడని కీర్తి పొందిన కోడి రామమూర్తి నాయుడు 1942లో కీర్తిశేషుడాయెను. రొమ్ముపై పలక పరచి ఏనుగును నడిపించుకొనుట, ఊపిరి పూరించి ఇనుప గొలుసును త్రెంచుట ఆయన ప్రదర్శనలు. ఆ ప్రదర్శనలలో పలక యొక్క పాత్ర, ఊపిరి యొక్క పాత్ర గమనింపదగినవి. భారమును ఎచట మోపవలెనో, ఏ క్షణమున శక్తిని విడువవలెనో ఎరుగని బలము అట్టి పనికి చాలదు.

మరియొక ఉదాహరణము మన కాలములోనిదే. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చెంత ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో పోటీ చేసెను. స్నాచ్ అను పద్ధతిలో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్ పద్ధతిలో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కంచు పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము సాధించిన తొలి భారతీయ మహిళ ఆమెయే. మొదటి రెండు స్థానముల వారి మొత్తము చెరి 242.5 కిలోలు. అనగా ఆమెకును, వారికిని నడుమ భేదము రెండున్నర కిలోలు. చివరి ప్రయత్నమునకు ఎంచుకొనిన బరువు 137.5 కిలోలు, అది నిలువలేదు. ఆ బరువు నిలచినచో పసిడి ఆమెది. నిలువనందున గౌరవమేమియు తగ్గలేదు; ఆమె పతకము మన జిల్లాలలో ఎందరో బాలికలను వ్యాయామశాలకు నడిపించినది. కాని తగిన బరువును నిర్ణయించుట ఎంతటి కఠినమైన పనియో, ఒక జీవితకాలపు సాధన కొన్ని క్షణముల ఎన్నికపై ఎట్లు ఆధారపడునో ఆ సాయంకాలము లోకమునకు తెలిసినది.

బరువులెత్తు ఆటలో బరువే ఫలము. ఎత్తిన ప్రతి కిలో లెక్కకు వచ్చును. బల్లయాటలో అట్లు కాదు. కర్ర ఎంత తూగినదో ఎవరును అడుగరు. బంతులు ఎట్లు చెదరినవో చూతురు. ఈ భేదమును మరచుటయే బరువైన కర్రపై మోజునకు మూలము.

కావున మన ఇండ్లలోని యువతీయువకులు ఈ ఆట నేర్వదలచినచో వారికి చెప్పదగినది ఇంతే. మొదట కర్ర కొనకుడు. ఆడుచోటనే 18, 19, 20, 21 ఔన్సుల కర్రలు దొరకును. వాని పిడిపై బరువు వ్రాసి యుండుట వాడుక. ఒక్కొక్క దానితో ఇరువది సార్లు తొలి దెబ్బ కొట్టుడు. ప్రతి పర్యాయము మూడు సంగతులు వ్రాసికొనుడు: ఎన్ని బంతులు సంచులలో పడినవి, తెల్లబంతి బల్ల నడుమ నిలచినదా, దారి తప్పినదా, ఎన్ని బంతులు కూటమిని విడువక గుంపుగ మిగిలినవి. చప్పుడును లెక్కింపకుడు; చప్పుడు చెవికి ఇంపు గాని ఆటకు సాక్షి కాదు. ఇరువదవ దెబ్బకు చేయి ఎట్లున్నదో కూడ వ్రాసికొనుడు. మొదటి దెబ్బకు మేలైనదిగ తోచిన కర్ర ఇరువదవ దెబ్బకు అట్లు తోపకపోవచ్చును. పోటీ గెలుచునది ఇరువదవ దెబ్బ.

బరువుతో పాటు తూకపు స్థానమును గమనింపుడు. ఒకే 19 ఔన్సుల రెండు కర్రలు చేతికి ఒకే విధముగ నుండవు. కర్రను వ్రేలిపై నిలిపినప్పుడు అది సమముగ నిలచు చోటు సాధారణముగ పిడి చివరనుండి 18, 19 అంగుళముల యొద్ద నుండును. అది ముందునకు జరిగినచో ముక్కు బరువు, వెనుకకు జరిగినచో పిడి బరువు. పలు కర్రల పిడిలో మరమేకు నమర్చి బరువును హెచ్చించుటకును, తగ్గించుటకును వీలున్నది. క్రొత్త కర్ర కొనుట కన్న అర ఔన్సు మరమేకు మార్చుట చవుక.

కొయ్య యొక్క గుణము మన వారికి తెలియనిది కాదు. ఏటికొప్పాక బొమ్మలవారు అంకుడు కర్రను, బొబ్బిలి వీణలవారు పనసమానును ఎన్నుకొనునప్పుడు తూకపురాయికన్న చేతిని, చెవిని నమ్ముదురు. బరువైన కొయ్య యంతయు మంచి వీణ కాదని గొల్లపల్లి పనివారికి తరతరములుగా తెలియును. క్యూ కర్ర చేయువారు మేపుల్, యాష్ అను చలిదేశపు కొయ్యలను కొన కొరకును, నల్లని ఎబొనీ, రోజ్‌వుడ్ వంటి బరువైన కొయ్యలను పిడి కొరకును వాడుటలో ఉన్నదియు ఇట్టి తెలివియే.

బరువైన తలను విడిచి తోకను స్వీకరించిన నాటినుండి, దంతమును విడిచి రెసినును స్వీకరించిన నాటివరకు ఈ ఆట ప్రతి మలుపునను బలమునకు బదులు పొందికను ఎన్నుకొన్నది. తొలి దెబ్బ కొట్టువాడును ఆ మార్గముననే నడచినచో మేలు. తన చేయి వేగమును మందగింపనిది, తన గురిని కదలింపనిది, ఇరువదవ దెబ్బకును తనను అలయింపనిది యగు కర్ర ఏదో, అదియే అతనికి తగిన బరువు. అది 18 ఔన్సులు కావచ్చును, 21 కావచ్చును. ఆ సంఖ్యను ఒకరు మరొకరికి చెప్పలేరు. నలువది ఎనుబది దెబ్బలు కొట్టి, వ్రాసికొని, ఎవరికి వారు తెలిసికొనవలసినదే.